మొక్కజొన్న బట్ట మట్టిలో కలుస్తుందా?

మొక్కల నుంచి తీసిన ప్లాస్టిక్‌తో నూలు చేసి, బట్ట నేసి, కట్టుకుని, చివరికి మట్టికే అప్పగించవచ్చని ప్రపంచ వస్త్ర పరిశ్రమ గట్టి ఆశ పెట్టుకుంది. ఆ ఆశలో నిజమెంత? పత్తి పండించే మనకు అందులో పనికొచ్చేదేమిటి?

'కరిగిపోయే కుట్లు వేశాం, విప్పించుకోవడానికి మళ్లీ రానక్కర్లేదు' అని ఆపరేషన్ అయ్యాక డాక్టర్ చెబితే ఇంటివాళ్లకు సగం బెంగ తీరుతుంది. ఆ కుట్లు వేసిన దారం కూడా ఒక రకం ప్లాస్టిక్కేనని చాలామందికి తెలియదు. పాలీగ్లైకోలిక్ ఆమ్లంతో చేసిన దారం 1970ల మొదట్లోనే ఆపరేషన్ గదుల్లోకి వచ్చింది. దాని వెనకే, కొంచెం లాక్టిక్ ఆమ్లం కలిపిన మరో దారం వచ్చింది. లోపలి గాయం మానేదాకా అది కండను పట్టి ఉంచుతుంది. తర్వాత ఒంట్లోని తడికి సన్నటి ముక్కలుగా విడిపోయి, రెండు మూడు నెలల్లో ఆనవాలు లేకుండా పోతుంది. ఆ ముక్కలను శరీరం నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చి బయటికి పంపేస్తుంది.

పనైపోయాక తనంతట తానే కనుమరుగయ్యే ప్లాస్టిక్ పోగును మనిషి యాభై ఏళ్ల కిందటే తయారుచేశాడన్నమాట. మరి అలాంటి పోగుతో నేసిన చొక్కాలు, చీరలు మన బీరువాల్లోకి ఎందుకు రాలేదు?

కుట్టు దారం ఎక్కడ పనిచేయాలో, ఎక్కడ కరగాలో దాన్ని తయారుచేసినవాళ్లకు ముందే తెలుసు. ఒంటి వేడి 37 డిగ్రీలు, చుట్టూ ఎప్పుడూ తడి. ఆ లెక్కకు సరిపోయేలా దాన్ని రూపొందించారు. చొక్కా సంగతి వేరు. అది ఏళ్ల తరబడి ఎండలో ఆరాలి, సబ్బునీళ్లలో నానాలి, ఇస్త్రీ పెట్టె వేడిని ఓర్చుకోవాలి. ఇన్ని పడ్డా చెక్కుచెదరకూడదు. పారేసిన రోజు నుంచి మాత్రం చెదిరిపోవాలి. పారేసేదైనా ఒకచోటా? ఒకటి డంపింగ్ యార్డుకు పోతుంది, ఒకటి మురుగు కాలువలో పడుతుంది, ఒకటి పొలంలో దిష్టిబొమ్మకు తొడుగవుతుంది. ఎక్కడ పడ్డా కలిసిపోవాలంటే ఎలా? బయోప్లాస్టిక్ బట్టల చిక్కంతా ఇక్కడే ఉంది.

పాలిస్టర్ ఏలుబడి

ఇంగ్లండులో కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసే జాన్ విన్‌ఫీల్డ్, జేమ్స్ డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1941లో పాలిస్టర్ పోగును కనిపెట్టారు. ముడతలు పడదు, తొందరగా ఆరుతుంది, మరమగ్గం మీద తెగదు. అన్నిటికీ మించి చవక. ఎనభై ఏళ్లు తిరిగేసరికి ప్రపంచం కట్టే బట్టలో సగానికి పైగా అదే అయింది. 2023లో ప్రపంచమంతా కలిపి తయారైన పోగు 12.4 కోట్ల టన్నులని టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ సంస్థ లెక్క. అందులో పాలిస్టర్ 57 శాతం. వేల ఏళ్లుగా మనిషికి తోడున్న పత్తి వాటా అయిదో వంతుకు దిగింది.

ఈ లెక్క మనకు దూరపుది కాదు. సిరిసిల్లకు వెళ్తే చెవులు దిబ్బళ్లు వేసే సాంచాల చప్పుడులోనే అది వినిపిస్తుంది. అక్కడ సాంచాలని పిలిచే పాతిక వేలకు పైగా మరమగ్గాల్లో ఎక్కువ భాగం నేసేది పాలిస్టరే. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి కొన్నేళ్లపాటు ఏటా కోటి వరకు బతుకమ్మ చీరలు పంచినప్పుడు వాటిని నేసిన సాంచాలు ఇవే, ఆ చీరల్లో నూలూ ఇదే. ఆసాములు, సాంచాలు నడిపేవాళ్లు, వార్పిన్, వైపని కార్మికులు, కండెలు చుట్టే ఆడవాళ్లు, ఇలా ఊరు ఊరంతా ఆ పోగు మీద బతికింది. పండగకు కొత్త చీర కట్టలేని ఇంటికి కొత్త చీర వచ్చిందంటే పాలిస్టర్ చవక కాబట్టే. పాలిస్టర్‌ను నిందించేవాళ్లు ఈ మాట మరచిపోకూడదు. దాని స్థానంలో ఏది తెచ్చినా అది సిరిసిల్ల సాంచా మీద నడవాలి, సామాన్యుడి చేతికి అందాలి. ఈ రెండూ కుదరనిది ప్రత్యామ్నాయం అనిపించుకోదు.

అయినా దాన్ని వదిలించుకోవాలని ఎందుకంటున్నారు? ఉతికిన ప్రతిసారీ అది రాలుతుంది కాబట్టి. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో వాషింగ్ మెషిన్ నీటిని వడకట్టి చూశారు. ఆరు కిలోల పాలిస్టర్ బట్టలు ఒక్కసారి ఉతికితే దాదాపు 5 లక్షల సన్నటి పోగులు నీళ్లలోకి పోతాయని తేలింది. ఆక్రిలిక్ అయితే 7 లక్షలు దాటాయి. కంటికి ఆనని ఈ పోగులు మురుగునీటి శుద్ధి కేంద్రాలను కూడా కొంత దాటుకుని నదుల్లోకి, సముద్రంలోకి చేరతాయి. సముద్రానికి చేరే ప్రాథమిక మైక్రోప్లాస్టిక్‌లో 35 శాతం సింథటిక్ బట్టలు ఉతకడం వల్లేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017లో అంచనా కట్టింది. శుద్ధి కేంద్రం ముఖమే చూడని మురుగు నేరుగా మూసీలో, బుడమేరులో కలిసే మన ఊళ్లలో ఈ పోగులను ఆపే జల్లెడ కూడా లేదు.

పెరుగులోని పులుపు నుంచి పోగు

పాలిస్టర్‌కు పోటీగా ముందుకొచ్చిన వాటిలో పెద్దది పాలీలాక్టిక్ ఆమ్లం. పరిశ్రమలో అందరూ పీఎల్‌ఏ అంటారు. పేరు కొత్తగా ఉన్నా దాని మూలం మన వంటింట్లోదే. పాలు తోడుకున్నప్పుడు పెరుగుకు పులుపు తెచ్చే లాక్టిక్ ఆమ్లమే దీనికి ముడిసరుకు. మొక్కజొన్న పిండి నుంచో చెరకు నుంచో చక్కెర తీసి, లాక్టోబాసిల్లస్ జాతి బ్యాక్టీరియాతో పులియబెడితే ఆ ఆమ్లం వస్తుంది. దాన్ని జంటలుగా కూర్చి లాక్టైడ్ చేస్తారు, ఆ జంటలను విప్పి పొడవాటి గొలుసులుగా అల్లుతారు. అప్పుడు తెల్లటి గుళికలు తయారవుతాయి. వాటిని కరిగించి సన్నటి రంధ్రాల పళ్లెం గుండా నొక్కితే పోగులు జాలువారతాయి. ఇక్కడి నుంచి దారి పాలిస్టర్‌దే. అవే యంత్రాలను కొద్దిగా మార్చుకుంటే చాలు. మిల్లుల వాళ్లు దీనివైపు చూడడానికి ఇది పెద్ద కారణం.

నైలాన్‌ను కనిపెట్టిన వాలస్ కెరోథర్స్ 1932లోనే లాక్టిక్ ఆమ్లాన్ని గొలుసు కట్టించి చూశాడు. ఆ గొలుసులు పొట్టివి కావడంతో పోగుకు బలం చాలలేదు. డెబ్బై ఏళ్ల తర్వాత, 2002లో, అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో బ్లెయిర్ అనే చిన్న ఊళ్లో దీనికి మొదటి భారీ కర్మాగారం వచ్చింది. చుట్టూ మొక్కజొన్న చేలే. ఇప్పుడు అక్కడ ఏడాదికి లక్షన్నర టన్నులు తయారుచేయగలరు. థాయ్‌లాండ్ చెరకు చక్కెరతో మరో పెద్ద కర్మాగారం నడుస్తోంది. మన దేశంలో బల్‌రాంపూర్ చీనీ మిల్స్ ఉత్తరప్రదేశ్‌లోని కుంభిలో ఏడాదికి 80,000 టన్నుల సామర్థ్యంతో కర్మాగారం తలపెట్టి 2025 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేసింది. చెరకు నుంచి చక్కెర, చక్కెర నుంచి ప్లాస్టిక్ ఒకే ఆవరణలో తీయాలన్నది ఆలోచన.

పీఎల్‌ఏ బట్టను తాకితే మెత్తగా, కొంచెం పట్టులా జారుతుంది. చెమట తడిని పీల్చుకోకుండా బయటికి తోసేస్తుంది. కనుక ఆటల దుస్తులకు పనికొస్తుంది. రంగు అద్దడంలోనూ ఒక లాభం ఉంది. పాలిస్టర్‌కు రంగు పట్టాలంటే ఒత్తిడిలో 130 డిగ్రీల వేడి కావాలి. దీనికి 110 డిగ్రీలు చాలు. ఆ మేరకు బాయిలర్ ఖర్చు తగ్గుతుంది.

చిక్కు ఇస్త్రీ దగ్గర వస్తుంది. పాలిస్టర్ కరగడానికి 255 డిగ్రీలు దాటాలి. పీఎల్‌ఏ 170 దగ్గరే కరుగుతుంది, 60 డిగ్రీలకే మెత్తబడడం మొదలుపెడుతుంది. ఇస్త్రీ పెట్టె మీటను 'కాటన్' గుర్తు దగ్గర పెట్టి ఈ చొక్కా మీద ఆనిస్తే ఆ చోట బట్ట ముడుచుకుని గాజులా మెరుస్తుంది, ఇంకాసేపు ఉంచితే పెట్టెకు అంటుకుంటుంది. వేడి ఎంతో చేత్తో అంచనా వేసుకునే వీధి చివరి ఇస్త్రీ బండి బొగ్గుల పెట్టె కింద ఇది నిలవడం కష్టం. సోడా వేసి ఉడకబెట్టే ఉతుకుకూ ఆగదు, క్షారం తగిలితే గొలుసులు తెగుతాయి. ధర కూడా పాలిస్టర్ కన్నా ఎక్కువే.

ఇంకో సంగతి. బట్టల దుకాణాల్లో అనుభవం ఉన్న గుమస్తాలు అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తారు. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద రాలుతుంది. పట్టు అయితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది. పాలిస్టర్ అయితే పోగు కొస ముడుచుకుని గట్టి పూస కడుతుంది. పీఎల్‌ఏ కూడా కరిగి ముద్ద కట్టేదే. తరతరాల ఈ పరీక్ష దాని ముందు పనిచేయదు. కొనేవాడికి చీటీ మీది మాట తప్ప ఆధారం లేదు. అందుకే ఆ మాట నిజాయతీగా ఉండాలని ఇంతగా పట్టుబట్టాల్సి వస్తోంది.

సముద్రంలో 428 రోజులు

కాలిఫోర్నియాలోని లా హోయాలో స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒక కట్ట ఉంది. సారా జీన్ రాయర్, ఆమె సహచరులు ఆ కట్ట దగ్గర రకరకాల బట్ట ముక్కలను నీళ్లలోకి దించారు. కొన్నిటిని అలల పైభాగాన, కొన్నిటిని దాదాపు పది మీటర్ల లోతున అడుగున ఉంచారు. పత్తి, విస్కోస్, లయోసెల్, పాలిస్టర్, పీఎల్‌ఏ, కొన్ని కలనేతలు అందులో ఉన్నాయి. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. పత్తి, కలప గుజ్జు నుంచి తీసిన పోగులు నెల తిరిగేసరికి శిథిలమైపోయాయి. పీఎల్‌ఏ 428 రోజుల తర్వాత కూడా చెక్కుచెదరలేదు. పాలిస్టర్ పక్కన పెడితే తేడా తెలియనంత భద్రంగా ఉంది. కలనేత బట్టలో సెల్యులోజ్ భాగం కరిగిపోగా ప్లాస్టిక్ భాగం అలాగే మిగిలింది.

'మట్టిలో కలిసిపోతుంది' అని అమ్ముతున్న పోగు సముద్రంలో ఎందుకు కలవలేదు? పీఎల్‌ఏ గొలుసులను మొదట తెంచాల్సింది నీరు. అది సరిగా లోపలికి చొరబడాలంటే 60 డిగ్రీల దగ్గర వేడి ఉండాలి. ఆ వేడి, తడి, గాలి కలిసి ఉండేది పారిశ్రామిక కంపోస్టు కేంద్రంలోనే. అక్కడైతే కొన్ని నెలల్లో పని పూర్తవుతుంది. కంపోస్టు అయ్యే ప్లాస్టిక్‌కు ప్రపంచమంతా పాటించే ప్రమాణాల్లో పరీక్ష జరిగేది కూడా ఇంచుమించు ఆ వేడిలోనే. ఇంటి వెనక పెంటకుప్పకు, చెరువు అడుగున బురదకు, చల్లటి సముద్రానికి ఆ వేడి లేదు. మన నగరాల్లో పాత బట్టలను విడిగా ఏరి అలాంటి కేంద్రానికి చేర్చే ఏర్పాటూ లేదు. మొక్కజొన్న టీషర్టు డంపింగ్ యార్డుకు చేరితే పాలిస్టర్ టీషర్టుతో పాటే అక్కడ పడి ఉంటుంది.

ఇక్కడ నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. కంపోస్టు కేంద్రం లేని ఊళ్లో పీఎల్‌ఏ చొక్కాను 'ప్రకృతిలో కలిసిపోయే బట్ట' అని అమ్మడం కొనేవాణ్ని మోసం చేయడమే.

పుట్టుక వేరు, చావు వేరు

బయోప్లాస్టిక్ అనగానే మొక్కల నుంచి వచ్చింది కాబట్టి మట్టిలో కలుస్తుందని అనుకుంటాం. ఆ రెండింటికీ సంబంధం ఉండాలని ఏమీ లేదు. ఉత్తరాఖండ్‌లోని కాశీపూర్‌లో ఇండియా గ్లైకాల్స్ సంస్థ చెరకు మడ్డి నుంచి గ్లైకాల్ తీస్తుంది. పాలిస్టర్‌లో బరువుకు దాదాపు 30 శాతం ఉండే భాగం అది. అలా చేసిన పాలిస్టర్‌కు మొక్కల మూలం ఉందన్న మాట నిజమే. కాని తయారయ్యాక అది మామూలు పాలిస్టరే, మట్టిలో ఎన్నేళ్లున్నా కలవదు. సొరోనా అనే పోగులో బరువుకు 37 శాతం మొక్కజొన్న చక్కెర నుంచి వచ్చిందే. అదీ అంతే.

ఆముదం కథ మనకు ఇంకా దగ్గరిది. నైలాన్ 11 అనే పోగును పూర్తిగా ఆముదం నుంచే తీస్తారు. ఫ్రాన్సులో 1940ల్లో రూపుదిద్దుకున్న పోగు అది. ప్రపంచంలో పండే ఆముదంలో సింహభాగం మన దేశానిదే. గుజరాత్ ముందుంది. ఒకప్పుడు పాలమూరు, నల్గొండ ఎర్రచెలకల్లో వానాధార పంటగా ఆముదాన్ని విరివిగా వేసేవారు. పాలెం పరిశోధన స్థానంలో, రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో దాని వంగడాల మీద ఇప్పటికీ పని జరుగుతోంది. పెట్రోలియం చుక్క అవసరం లేని పోగు కాబట్టి దానికి విలువ ఉంది. నేలలో కలవదు కాబట్టి చెత్త సమస్యకు అది జవాబు కాదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే లెక్క సరిగ్గా చెప్పినట్టు.

దీనికి తలకిందుల ఉదాహరణ తిరుమలలో ఉంది. లడ్డూలు పెట్టివ్వడానికి హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాల రూపొందించిన కంపోస్టు సంచుల కౌంటర్‌ను 2021 ఆగస్టులో అక్కడ తెరిచారు. ఆ తరహా సంచుల్లో వాడే పీబీఏటీ అనే ప్లాస్టిక్‌ను మామూలుగా పెట్రోలియం నుంచే తీస్తారు. అయినా సూక్ష్మజీవులు దాన్ని తినగలవు.

నేలలోనూ నీళ్లలోనూ నిజంగా కలిసే బయోప్లాస్టిక్ లేదా? ఉంది. 1926లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోరిస్ లెమ్వాన్ అనే శాస్త్రవేత్త ఒక బ్యాక్టీరియా కడుపులో కొవ్వులా పేరుకున్న పదార్థాన్ని గుర్తించాడు. తిండి ఎక్కువైనప్పుడు ఆ జీవి దాచుకునే ప్లాస్టిక్ అది. పీహెచ్‌ఏ అని పిలిచే ఆ కుటుంబాన్ని మట్టిలోని, సముద్రంలోని సూక్ష్మజీవులు ఆహారంగా తీసుకుంటాయి. అయితే ఇది పోగుగా మారడానికి మొరాయిస్తుంది. కరిగే వేడికీ పాడైపోయే వేడికీ మధ్య ఎడం తక్కువ. పోగు తీశాక తొందరగా గట్టిపడక ఒకదానికొకటి అంటుకుంటుంది. గట్టిపడ్డాక పెళుసు. సాంచా మీద నిమిషానికి వందలసార్లు లాగుడు పడే పడుగుకు పెళుసు పోగు పనికిరాదు. కనిపెట్టి వందేళ్లయినా అది మన ఒంటి మీదికి రాకపోవడానికి కారణం ఇదే.

కాగజ్‌నగర్ నాడే చేసింది

తెలుగు నేల మీద మొక్కల మూలం ఉన్న ప్లాస్టిక్ పోగు ఇప్పుడే కొత్తగా వస్తున్నది కాదు. కాగజ్‌నగర్‌లో సర్‌సిల్క్ మిల్లు ఉండేది. 1980ల్లో మూతపడేదాకా అక్కడ అసిటేట్ రేయాన్ నూలు తీసేవారు. అసిటేట్ అంటే కలప, పత్తి పీచులోని సెల్యులోజ్‌ను మార్చి చేసిన ప్లాస్టిక్. ములుగు జిల్లా కమలాపురంలో ఏపీ రేయాన్స్ కర్మాగారం కలప నుంచి రేయాన్ గుజ్జు తీసి పంపేది. అది 2014లో మూతపడింది. ఈ రెండు మిల్లులు మూతపడ్డాక వందల కుటుంబాలు చెదిరిపోయాయి. ఆ పనితనం, ఆ అనుభవం ఆ ఊళ్లతోపాటే మిగిలిపోయాయి.

అసిటేట్ కూడా ఒక హెచ్చరిక. సిగరెట్ పీకలో దూదిలా కనిపించేది అదే. కలప నుంచి పుట్టినా రోడ్డు పక్కన ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. సెల్యులోజ్‌ను అంతగా మార్చకుండా, కరిగించి మళ్లీ పోగుగా గట్టిపరచిన విస్కోస్, లయోసెల్ మాత్రం స్క్రిప్స్ పరీక్షలో పత్తితో పాటే కలిసిపోయాయి. విస్కోస్‌కు కార్బన్ డైసల్ఫైడ్ అనే విష ద్రవం కావాలి, దాని ఆవిరి కార్మికుల నరాలను దెబ్బతీస్తుంది. లయోసెల్ పద్ధతిలో వాడే ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి పట్టి వాడుకోవచ్చు. మట్టిలో కలిసే మిల్లు పోగు కావాలంటే ఇవాళ చేతిలో ఉన్న దారుల్లో నాకు ఇదే మేలుగా కనిపిస్తుంది.

మొక్కజొన్న ఎక్కడి నుంచి తేవాలి?

కిలో పీఎల్‌ఏకు దాదాపు రెండున్నర కిలోల మొక్కజొన్న కావాలి. ప్రపంచం వాడే పాలిస్టర్ ఏడు కోట్ల టన్నులు. ఆ స్థానమంతా దీనితో నింపాలంటే 17 కోట్ల టన్నులకు పైగా మొక్కజొన్న పోయాలి. మన దేశమంతా ఏడాదికి పండించేది దాదాపు నాలుగు కోట్ల టన్నులు. దానికే కోళ్ల ఫారాలు, పిండి మిల్లులు, ఇథనాల్ డిస్టిలరీలు పోటీ పడుతున్నాయి. ఇథనాల్ గిరాకీ పెరిగాక 2024లో మనం మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. మేత ధర పెరిగితే కోడిగుడ్డు ధర పెరుగుతుంది. తినే గింజను కట్టే బట్టకు మళ్లించాలంటే ఎవరి కంచంలోంచి తీస్తామో ముందు చెప్పాలి.

గింజ బదులు గడ్డి వాడవచ్చు. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వరిగడ్డితో ఇథనాల్ తీసే కర్మాగారాన్ని నడుపుతోంది. వరిగడ్డిని చక్కెరగా విడగొట్టే దారి అది. అదే చక్కెరను లాక్టిక్ ఆమ్లంగానూ పులియబెట్టవచ్చు. యాసంగి కోతలయ్యాక మన పొలాల్లో తగలబెట్టే వరి కొయ్యలు, పత్తి ఏరాక మిగిలే పత్తి కట్టె ముడిసరుకుగా మారితే రైతుకు రెండో పంట వచ్చినట్టే. ఖర్చు తగ్గించాల్సిన పని ఇంకా చాలా ఉంది. బయోప్లాస్టిక్ మీద ప్రభుత్వం డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టాలి.

ఎక్కడ పనికొస్తుంది?

కరిగిపోయే కుట్ల దగ్గర గెలిచిన సూత్రం బట్టల్లో కూడా కొన్నిచోట్ల సరిగ్గా కుదురుతుంది. వస్తువు ఎక్కడ అంతమవుతుందో ముందే తెలిసిన చోట్లు అవి. మిర్చి, పుచ్చ, టమాటా రైతులు పరిచే మల్చింగ్ షీటు సంగతి చూడండి. పంట తీశాక దాన్ని లాగేయాలి. ఎండకు చిట్లిన షీటు ఎంత ఏరినా పీలికలు దుక్కిలో మిగులుతాయి, మరుసటి ఏడు నాగలికి చుట్టుకుంటాయి. అనంతపురం, కడప అరటి తోటల్లో గెలలకు తొడిగే నాన్‌వోవెన్ కవర్లూ అంతే, ఒక్క పంటతో వాటి పని అయిపోతుంది. ఇవి వాడేదీ పోయేదీ పొలంలోనే. నేలలో కలిసే ప్లాస్టిక్‌తో వీటిని చేస్తే ఎవరూ ఏరి ఎక్కడికీ మోయనక్కర్లేదు. అయితే ఆ షీటు మన ఎర్రమట్టిలో, నల్లరేగడిలో నిజంగా కలుస్తుందో లేదో మన పొలాల్లోనే పరీక్షించి చూపాలి.

దుకాణంలో ఇచ్చే 'బట్ట సంచి'ని ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి. అందులో పడుగూ ఉండదు, పేకా ఉండదు. చిక్కుపడ్డ సన్నటి పోగులను వేడి అచ్చులతో చుక్కచుక్కలుగా అతికించిన గుర్తులు కనిపిస్తాయి. అది పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా పలచని నాన్‌వోవెన్ సంచులను 2021 సెప్టెంబరు 30 నుంచి దేశంలో నిషేధించారు కూడా. గుడ్డ సంచి వాడుతున్నామని తృప్తిపడుతూ లక్షల ఇళ్లు ప్లాస్టిక్‌నే మోస్తున్నాయి. శానిటరీ ప్యాడ్ల పైపొర, తుడిచి పారేసే వైప్స్, ఆస్పత్రి మాస్కులు ఈ కోవలోవే. ఒక్కసారి వాడి పారేసే ఈ వస్తువుల్లో బయోప్లాస్టిక్ పోగుకు న్యాయమైన చోటు ఉంది. వాటిని విడిగా సేకరించి కంపోస్టుకు పంపే ఏర్పాటు పక్కనే ఉండాలి, అది లేకపోతే ఈ మార్పూ వృథాయే.

ఏళ్ల తరబడి కట్టే చీర, చొక్కా దగ్గరికి వస్తే మనకు కొత్త పోగు వెతుక్కునే అవసరం అంతగా లేదు. ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా తెల్లగా విచ్చుకునే పత్తి మట్టిలో కలిసే పోగే. అమెరికా, కెనడా రైతులు నేల ఆరోగ్యం తెలుసుకోవడానికి తెల్లటి కాటన్ లోదుస్తును పొలంలో పాతిపెట్టి రెండు నెలల తర్వాత తవ్వి చూస్తారు. మంచి నేల అయితే బట్ట మొత్తం పోయి నడుముకు ఉండే ఎలాస్టిక్ పట్టీ ఒక్కటే చేతికి వస్తుంది. ఆ పట్టీ మన దర్జీలకూ ఒక పాఠం. 'నూరు శాతం కాటన్' చొక్కాను కుట్టే దారం చాలాసార్లు పాలిస్టర్‌దే. గుండీలు ప్లాస్టిక్‌వి, కాలరు లోపలి బక్రంకు జిగురు పూత ఉంటుంది, మెడ దగ్గరి చీటీ కూడా పాలిస్టర్ రిబ్బనే. చొక్కా కలిసిపోయాక ఇవన్నీ మట్టిలో మిగులుతాయి. కాటన్ దారం, కొబ్బరి చిప్ప గుండీ, అద్దిన చీటీ వాడడానికి ఏ కొత్త పరిశోధనా అక్కర్లేదు. పత్తికీ పాలిస్టర్‌కీ కలనేత వేసిన బట్ట అన్నిటికన్నా చెడ్డది. దాన్ని విడదీసి మళ్లీ వాడుకోవడం కష్టం, పాతిపెడితే సగం మిగిలిపోతుంది.

పత్తికి పాపం అంటలేదని కాదు. పురుగుమందు, నీరు, అప్పు, వరంగల్ మార్కెట్ యార్డులో ధర, ఇవన్నీ ఆ పోగుతోనే ముడిపడి ఉన్నాయి. వాటిని సరిచేయడానికి పెట్టే రూపాయి కొత్త ప్లాస్టిక్‌ను కనిపెట్టడానికి పెట్టే రూపాయి కంటే ముందు ఖర్చు కావాలి.

కొనేముందు అడగండి

ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2024 మార్చిలో చేసిన సవరణ ప్రకారం బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ అంటే మైక్రోప్లాస్టిక్ మిగల్చకుండా విచ్ఛిన్నం కావాలి. పర్యావరణం పేరుతో తప్పుదారి పట్టించే ప్రకటనలను అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ అదే ఏడాది అక్టోబరులో మార్గదర్శకాలు జారీచేసింది. ఆధారం చూపకుండా 'పర్యావరణ హితం' అని రాసుకోవడం ఇప్పుడు కుదరదు.

అందుకని ఈ పండగకు బట్టల దుకాణానికి వెళ్లినప్పుడు చీటీ మీద 'బయో' అనో 'ఎకో' అనో కనిపిస్తే ఊరుకోకండి. ఈ బట్ట ఎక్కడ కలుస్తుంది, మట్టిలోనా కంపోస్టు కేంద్రంలోనా? ఎన్ని రోజుల్లో? ఏ ప్రమాణం కింద పరీక్ష చేయించారు? దుకాణదారుకు తెలియకపోతే కంపెనీని అడగమనండి. జవాబు రాకపోతే ఆ పేరు మీద అదనంగా ఒక్క రూపాయి పెట్టకండి. చెప్పిన జవాబు అబద్ధమని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.